గొడ్ల సంత కోచ్

టిల్‌మన్ క్రీక్ కాలేజీ సాఫ్ట్‌బాల్ జట్టు మీద ఆ ఏడు వేసిన పుస్తకంలో ప్రధాన కోచ్ మార్గో హెన్షా గురించి పద్నాలుగు పంక్తులున్నాయి. ఏ యూనివర్సిటీకి ఆడింది, ఎన్ని పతకాలు తెచ్చింది, ఎవరి దగ్గర శిక్షణ పొందింది, అన్నీ. పక్క పేజీలో సహాయ కోచ్ నెల్డా ప్రూయిట్ ఫొటో కింద ఒకే ఒక్క పంక్తి: "స్థానికురాలు."

నెల్డా కాలేజీ మెట్లెక్కలేదు. ఇరవై రెండేళ్ళు పశువుల వేలంపాటలో పనిచేసింది. కొనేవాళ్ళు నోరు విప్పరు. ఒకడు కనుబొమ్మ ఎగరేస్తాడు, ఒకడు టోపీ అంచు తాకుతాడు. ఆ సైగ పట్టుకుని "హెప్!" అని వేలం నడిపేవాడికి కేకేయడం ఆమె పని. ఆదివారాలు ఊరి ఆడవాళ్ళ జట్టులో బంతి విసిరేది. తన తాత దూడల్ని అమ్మడానికి సంతకొచ్చిన మార్గో ఆ కళ్ళు చూసి, "నాతో వచ్చెయ్యి" అని లాక్కొచ్చింది.

పోటీ రోజు ఉదయం ఆటల విభాగం పెద్ద డ్వేన్ ఓల్డమ్ నెల్డాను గదిలోకి పిలిచాడు. సిగరెట్లు మానడానికి అస్తమానం చూయింగ్ గమ్ నములుతుంటాడాయన.

"ఏమనుకోకు నెల్డా. పెద్ద జట్టుకి ఆడినవాళ్ళుంటే పిల్లలు మన కాలేజీకి వస్తారు. ఇవాళ ఓడిపోతే వచ్చే ఏడు నీ చోట్లో వేరేవాళ్ళని చూడాల్సొస్తుంది."

"గెలిస్తేనో?"

"గెలిస్తే... చూద్దాం."

నెల్డా ఆయన మాట వినలేదు, దవడ చూసింది. ఇంకా ఆడుతూనే ఉంది. బేరం తెగలేదన్నమాట.

మధ్యాహ్నానికి ఆట ఆఖరి ఇన్నింగ్స్‌కి వచ్చింది. గాలికి ఎర్రదుమ్ము లేస్తోంది. టిల్‌మన్ క్రీక్ ఒక్క రన్ను వెనకబడి ఉంది. ఇద్దరు అవుటయ్యారు. రెండో బేస్ మీద ఒకమ్మాయి, మూడో బేస్ మీద ఒకమ్మాయి. బ్యాటు పట్టుకుంది షాయెన్. అవతల బంతి విసిరేది ఎడమచేతి పొడుగుపిల్ల. పొద్దున్నుంచీ షాయెన్‌ని రెండుసార్లు ఒకే ఎత్తుతో పడగొట్టింది: అదే చెయ్యి, అదే ఊపు, కానీ బంతి మాత్రం నత్తలా వస్తుంది. షాయెన్ ముందే బ్యాటు తిప్పేసి గాలిని కొట్టింది.

మొదటి బేస్ పక్కన నిలబడ్డ నెల్డా మూడో ఇన్నింగ్స్‌లోనే ఒకటి కనిపెట్టింది. అయిదో ఇన్నింగ్స్‌లో చెప్పబోతే షాయెన్ నవ్వేసింది. "నేనేమన్నా దూడనా కోచ్, నన్ను వేలంలో పెడతారా?" అంది. నెల్డా "హెప్!" అని ఉత్సాహపరిచినప్పుడల్లా అవతలి బెంచీ పిల్లలు "అంబా!" అని అరిచి పడీపడీ నవ్వారు.

మొదటి బంతి దూసుకొచ్చింది. స్ట్రైక్. రెండోది నత్త. మళ్ళీ గాలి. మూడోది కూడా పోతే షాయెన్ అవుట్, ఆట ఐపోయినట్టే.

నెల్డా అంపైర్ వైపు చెయ్యెత్తి ఆట ఆపించి, ఒక్క పరుగున షాయెన్ దగ్గరికొచ్చింది.

"ఇదిగో పిల్లా, నవ్వితే నవ్వు గానీ విను. ఆ పొడుగుపిల్ల గమ్ నములుతోందా? వేగంగా వేసేటప్పుడు నములుతూనే వేస్తుంది. నెమ్మది బంతి వెయ్యాలనుకుంటే దవడ ఆగిపోద్ది."

"నిజంగానా?"

"లోపల రేటు ఖాయం చేసుకున్నవాడి దవడ అట్టాగే ఆగుతుంది. ఇరవై రెండేళ్ళు చూశా. నేను హెప్ అంటే ఆగు, లోపల ఒకటి, రెండు అనుకుని కొట్టు. నోరెత్తకపోతే బాదెయ్."

షాయెన్ ముఖంలో నవ్వు లేదు. "నాకింకో దారి లేదుగా కోచ్. అరవండి."

నెల్డా తన చోటికి పరుగెత్తింది. పొడుగుపిల్ల క్యాచర్ సైగ చూసుకుంది. బంతిని గ్లవ్‌లో దాచింది. నములుతోంది... నములుతోంది...

ఆగింది.

"హెప్!"

"అంబా!" అంది అవతలి బెంచీ మొత్తం ఒక్క గొంతుతో.

షాయెన్ భుజాలు ముందుకు ఉరికాయి, కానీ చేతులు ఆగాయి. ఒకటి. రెండు. ఠప్పుమని మోగింది బ్యాటు. బంతి ఎడమవైపు ఫీల్డర్ల మధ్య నేలను తాకి కంచె దాకా పోయింది. మూడో బేస్ పిల్ల నింపాదిగా హోం ప్లేట్ చేరింది, స్కోరు సమమైంది. రెండో బేస్ పిల్ల జుట్టు ఎగురుతుండగా వచ్చి ఎర్రమట్టిలో జారింది. దుమ్ము తేరింది. అవుట్ కాదన్నట్టు అంపైర్ రెండు చేతులూ అడ్డంగా చాచాడు.

గెలిచారు!

అమ్మాయిలందరూ షాయెన్‌ని వదిలేసి నెల్డా మీద పడ్డారు. "అంబా! అంబా!" అంటూ ఇప్పుడు వీళ్ళే అరుస్తున్నారు. షాయెన్ ఆమె మెడ పట్టుకుని వేలాడుతూ, "నన్ను ఎంతకి కొట్టేశారు కోచ్?" అంది.

"నువ్వింకా పాటలోనే ఉన్నావే, దిగు, మెడ విరుగుద్ది!"

మార్గో దూరం నుంచే రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తోంది. గుంపును తోసుకుంటూ ఓల్డమ్ వచ్చాడు, నములుతూనే.

"ఎలా తెలిసింది నెల్డా?"

"సంతలో నేర్చుకున్నా సార్."

ఆయన మైదానం వంక చూశాడు, అరుస్తున్న పిల్లల వంక చూశాడు. "వచ్చే ఏడు సంగతి ఇంకా ఏమీ అనుకోలేదు," అన్నాడు. "నిదానంగా చూద్దాం."

నెల్డా ఆయన దవడ చూసింది.

ఆగిపోయింది.

"హెప్!" అని అరిచింది నెల్డా, పక్క ఊరి సంతదాకా వినపడేట్టు.