కుర్చీ నాలుగో కాలు

నేను చెప్పే కథలకు తలా తోకా ఉండవని మా ఇంట్లోవాళ్లే అంటారు. ఇది మాత్రం అలాంటిది కాదు. భూతద్దం పెట్టి వెతికినా ఇందులో ఆవగింజంత అబద్ధం దొరకదు.

ఒక చిత్రకారుడు ఉండేవాడు. ఖాళీ కుర్చీల బొమ్మలు వేసేవాడు. ఏ కుర్చీకైనా మూడు కాళ్లు వేసి, నాలుగోదాన్ని నీడలో కలిపేసేవాడు. అదేమిటని అడిగితే, చూసేవాళ్లకూ కాస్త పని ఉండొద్దా అనేవాడు. ఆ వెనక కాలు ఆయనకు ఎన్నడూ కుదిరి చావలేదన్న అసలు సంగతి భార్యకు తెలుసు.

గ్యాలరీ యజమాని ఆ కుర్చీలు తప్ప ఇంకేమీ తీసుకునేవాడు కాదు. బొమ్మ గోడకెక్కిన పూటే పక్కన ఎర్ర చుక్క అంటించేవాడు. అమ్ముడుపోయిందని గుర్తు. ఎవరు కొన్నారంటే మాత్రం నోరు మెదిపేవాడు కాదు. కొన్నవాడి పేరు వేసినవాడికీ, వేసినవాడి చిరునామా కొన్నవాడికీ చెప్పకూడదట. వాళ్లిద్దరూ కలుసుకుంటే మధ్యలో తనెందుకని ఆయన భయం.

ఇలా ఉండగా చిత్రకారుడు ఒక వానాకాలమంతా కూర్చుని భార్య బొమ్మ వేశాడు. బఠాణీలు ఒలుస్తూ, ఎవరినో చూసి నవ్వు ఆపుకుంటున్న ముఖం. ఆయన జన్మలో అంత మంచి బొమ్మ వెయ్యలేదు. దాన్ని ఆ గ్యాలరీ గోడ మీద చూసుకోవాలని ఆయన కోరిక. యజమాని తను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నాడు. ముఖాలు అందరి ఇళ్లలోనూ ఉంటాయి, కుర్చీలు తెమ్మన్నాడు.

"కుర్చీల్నేమో గోడెక్కించారు, నన్నేమో అటకెక్కించారు" అంది భార్య. "ఇంతకీ అన్ని కుర్చీలు కొని ఏం చేసుకుంటున్నాడో ఆ మహానుభావుడు."

ఆ మాట ఆయన బుర్రను తొలిచేసింది. మర్నాడు గ్యాలరీ ఎదుట కాపు కాశాడు. బొమ్మను ఎక్కించుకున్న వ్యాన్ వెనకాలే నడిచాడు. రద్దీలో అది ఎంత నెమ్మదిగా పోయిందంటే, ఈయనే దాన్ని దాటిపోయి, తెగిన చెప్పు కుట్టించుకుని, అది వచ్చేదాకా ఎదురుచూశాడు. చివరికి వ్యాన్ ఒక ఫర్నిచర్ షాపు ముందు ఆగింది.

లోపల గోడల నిండా తన బొమ్మలే. వాటి కింద చెక్కతో చేసిన తన కుర్చీలే. అదే ఒంపు తిరిగిన వీపు, అవే అరిగిన చేతులు. అన్నీ గోడకు చేరబడి ఉన్నాయి. ఒక్కోదానికీ మూడే కాళ్లు.

షాపాయన కొత్త బొమ్మను వెలుతురులోకి తీసుకెళ్లి, నీడలో ముక్కు పెట్టి వెతికి, ఇందులోనూ లేదని నిట్టూర్చాడు.

"ఏం వెతుకుతున్నారండీ?" అన్నాడు చిత్రకారుడు.

"నాలుగో కాలు. జనం ఈ బొమ్మలు చూసి అచ్చం ఇలాంటి కుర్చీయే కావాలంటున్నారు. నాలుగోది నేనెలా పెట్టినా రూపు చెడుతోంది. వేసినాయన్ని అడుగుదామంటే ఆ గ్యాలరీవాడు ఎవరో చెప్పి చావడు. ఏదో ఒక బొమ్మలో చూపించకపోతాడా అని వచ్చినదల్లా కొంటున్నా."

అలా అంటూనే ఉసూరుమని ఒక కుర్చీలో కూలబడి, దానితో సహా నేలకొచ్చాడు. చిత్రకారుడు లేవదీస్తూ ఆలోచనలో పడ్డాడు. ఆ కాలు దొరికితే తన కుర్చీలకు గిరాకీ పోతుంది. ఆ గిరాకీ ఉన్నంతకాలం అటక మీది నవ్వు కిందికి దిగదు.

"వేసింది నేనేనండి. అదెక్కడుందో నాకూ తెలీదు. పదండి, ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాడు.

నేలమీద సుద్దతో గీశారు, చెరిపారు, చెక్కముక్కలు నిలబెట్టి చూశారు. పొద్దువాలేసరికి కాలు దొరికింది. కూర్చున్నవాడు లేవబోతూ వెనక్కి తన్నిపెట్టినట్టు, కాస్త పక్కకు తిరిగి ఉండాలట.

ఆ తర్వాత కుర్చీల పక్కన ఎర్ర చుక్క పడలేదు. గ్యాలరీ యజమాని కొన్నాళ్లు తల గోక్కుని, చివరికి ఆ బఠాణీల ఆవిడనే తెమ్మన్నాడు. ఆవిడ స్వయంగా వెళ్లి తన ముఖం ఎదుట చాలాసేపు నిలబడి, "ఇంతకీ నేనెవర్ని చూసి నవ్వుతున్నానండీ?" అంది. చూడవచ్చినవాళ్లూ అదే అడుగుతున్నారట.

మొదట్లో ఏదో అన్నాను గానీ, షాపాయన పడ్డాడన్నది నేను అల్లిందే. తన కుర్చీల సంగతి ఆయనకు తెలీదూ? పడింది చిత్రకారుడు, లేవదీసింది షాపాయన. మిగతాదంతా, చెప్పు కుట్టించుకోవడంతో సహా, నిజం.