పెట్టె సర్దిన బట్టలు

పొద్దున లేవగానే కోడలి మొదటి పని పెట్టెలోని బట్టలు తీసి బీరువాలో పెట్టడం. తెల్లారేసరికి ఆ పెట్టె ఇంటిల్లిపాది బట్టలూ మడతలు పెట్టి తనలో సర్దేసుకుని కూర్చుంటుంది. పరాయి దేశానికి వచ్చిన మొదటి రోజు నుంచీ ఇదే వరస. పాలు కాచినట్టు, ఇల్లు ఊడ్చినట్టు ఇదీ ఒక పని. మడతలు మాత్రం బాగా పెడుతుంది, ఉన్నమాట చెప్పుకోవాలి. ఇస్త్రీ అక్కర్లేదు.

రెండు గదుల ఇల్లు. మొగుడు గోదాములో సరుకు దించే పనికి కుదిరాడు. ఆ వారమే అతని చొక్కాలు పెట్టెలోకి వెళ్ళడం మానేశాయి. పాపకు బడిలో స్నేహితురాలు దొరికింది, గౌన్లూ ఆగిపోయాయి. అత్తగారికి కింది అంతస్తు ముసలావిడతో జత కుదిరింది. భాష రాకపోతేనేం, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులున్నాయి. ఆవిడ చీరలూ బీరువాలోనే ఉండిపోయాయి.

ఇక పెట్టెలో మిగిలినవి కోడలి బట్టలే.

"ఆ పెట్టె మీ మామగారిది," అంది అత్తగారు ఒకరోజు కాఫీ కలుపుకుంటూ. "ఒక్కరి బట్టలే సర్దిందంటే వాళ్ళు బయల్దేరాల్సిందే. మా ఆడపడుచుకి అలాగే సర్దింది. నెల తిరక్కుండా పెళ్ళి కుదిరి వెళ్ళిపోయింది."

"నాకు పెళ్ళెప్పుడో అయిపోయింది కదా అత్తయ్యా!"

"అదేనే నా భయం."

ఆ మాట కోడల్ని పట్టుకుంది. బయల్దేరి ఎక్కడికి పోవాలి? పాప ఇక్కడే ఉండిపోతుందా? ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా పాప గౌను ఒకటి తెచ్చి తన చీరల మధ్య దూర్చింది. పొద్దున చూస్తే గౌను బీరువాలో, చక్కటి మడతలో ఉంది. మర్నాడు రెండు దూర్చింది. అవీ అంతే. మొగుడితో చెబితే, "ముందు నువ్వూ ఏదైనా పని చూసుకో, మనసు కుదుటపడుతుంది," అన్నాడు. చెప్పేవాళ్ళకేం, ఎన్నయినా చెబుతారు.

చూసుకుంది. కొన్న బట్టలు బిగించడం, వదులు చెయ్యడం, అంచులు కుట్టడం చేసే షాపు. ఒక రోజు పనిచేసి చూపించమంది షాపావిడ. ఆ రోజే లేవడం ఆలస్యమైంది. తన కత్తెర పెట్టెలో ఎక్కడో అడుగున ఉంది. వెతికే తీరిక లేక పెట్టెనే ఈడ్చుకుంటూ వెళ్ళింది. అమ్మ పెట్టెతో బయల్దేరడం చూసి పాప గుమ్మంలో నిలబడి గొల్లుమంది. ఆ ఏడుపు బస్సెక్కినా చెవుల్లోంచి పోలేదు.

మొదట చిన్నపిల్ల గౌను ఒకటి ఇచ్చి అంచు కుట్టమన్నారు. కోడలు అలవాటు కొద్దీ నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి కుట్టింది.

షాపావిడ తిప్పి చూసి మొహం చిట్లించింది. "ఇంత గుడ్డ లోపలెందుకు? అంచు లావుగా కనిపిస్తోంది."

"పిల్ల ఎదుగుతుందండీ. అప్పుడు విప్పుకోవచ్చు," అంది కోడలు వచ్చీరాని భాషలో.

"ఎదిగితే కొత్తది కొనుక్కుంటారు. విప్పి, మిగతాది కత్తిరించేసి కుట్టు."

విప్పింది. కత్తెర పెట్టబోతే చెయ్యి ఆడలేదు. ఎదిగే పిల్ల గౌను ఎలా కోస్తాం? కాసేపు తంటాలు పడి, మళ్ళీ అలాగే మడిచి కుట్టేసింది.

షాపావిడ నిట్టూర్చింది. "నీకూ నాకూ కుదరదమ్మా. నీ పెట్టె తీసుకుని వెళ్ళు."

కళ్ళు తుడుచుకుంటూ కోడలు, పొద్దున పెట్టె దించిన వెనక గదిలోకి వెళ్ళింది. పెట్టె మూత తెరిచి ఉంది, లోపల ఏమీ లేదు. చీరలు గోడ కొక్కేలకు వరసగా వేలాడుతున్నాయి. రవికలు అరలోకి చేరాయి. దువ్వెన అద్దం ముందుంది.

వెనకే వచ్చిన షాపావిడ కాసేపు చీరల్ని చూసింది, కాసేపు కోడల్ని చూసింది.

"సరే. కిటికీ పక్క మిషను నీది," అంది. "లోపలి మడత మాత్రం రెండు వేళ్ళు దాటకూడదు."

సాయంత్రం ఖాళీ పెట్టెతో ఇల్లు చేరింది. అత్తగారు మూత ఎత్తి చూసి నోరు నొక్కుకుంది.

"నీ బట్టలేవే?"

"షాపులో. పెట్టె బయల్దేరమంది, బయల్దేరాను అత్తయ్యా. బస్సులో మూడు స్టాపులు."

అత్తగారు పకపకా నవ్వింది. పాప నవ్వలేదు. పరిగెత్తుకొచ్చి అమ్మ కొంగు పట్టుకుని నిద్రపోయేదాకా వదల్లేదు. ఆ ఇంట్లో అమ్మది మిగిలిన చీర అదొక్కటే మరి.