పసుపు కొట్టాక పొలిమేర

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకు శాస్త్రం అవసరం పడినప్పుడే గుర్తొస్తుంది. నందికొట్కూరులో పసుపు, మిరపకాయల అంగడి నడిపే ఈ రాఘవేంద్రప్రసాద్‌గారికి ఏకాదశి ఎప్పుడో ప్రతిసారీ నేనే చెప్పాలి. అలాంటి మనిషి మా అబ్బాయి అజయ్ పెళ్ళికి చాలా ముందే ముత్తైదువలను పిలిపించి రోట్లో పసుపు కొట్టించేశారు.

"పసుపు కొట్టినాక పెండ్లికొడుకు పొలిమేర దాటకూడదు. పెద్దలు ఊరికే పెట్టలేదు," అన్నారు గంభీరంగా.

పెద్దల సంగతేమో గానీ, ఆయన పెట్టింది మాత్రం అజయ్ కేరళ పోకుండా ఆపడానికి.

కాబోయే కోడలు నాగశ్రీది కడప. ఇద్దరూ కలిసి ఇంజనీరింగ్ చదివారు. వీడు మా అంగట్లో కూర్చున్నాడు, ఆ పిల్ల నేవీ ఆఫీసరు శిక్షణకు కేరళ అకాడమీకి వెళ్ళింది. అకాడమీలో ఉన్నంతకాలం పెళ్ళి కుదరదు. అది ముగిశాక వచ్చే సెలవులోనే మూడుముళ్ళు, ఆ వెంటనే కొచ్చిలో మళ్ళీ శిక్షణ. మా ఆయన పెళ్ళికి ఒప్పుకున్నారు గానీ మెలిక పెట్టారు.

"పెండ్లయినాక ఉద్యోగం మానేయాల. ట్యాంకరు నీళ్ళతో పెరిగిన పిల్లకు సముద్రంతో ఏం పని?"

"మానదు నాయనా," అన్నాడు అజయ్. అంతటితో తండ్రీకొడుకులకు మాటలు కరువయ్యాయి.

ఆ పిల్లకు కేసీ కాలువలో ఈత నేర్పిందే వీడు మరి. ఫోన్ ఆదివారాలే వచ్చేది. ఒక ఆదివారం ఏడుస్తూ చేసింది. ఎత్తైన బల్ల మీది నుంచి కొలనులోకి దూకాలట, కాళ్ళు కదలడం లేదట. అజయ్ అంగట్లో పసుపు బస్తా ఎక్కి నిలబడ్డాడు.

"కిందికి చూడొద్దు నాగా! కేసీ కాలువ అనుకో! నేను నీళ్ళల్లోనే ఉండాననుకొని దూకు!"

మిరపకాయలకొచ్చిన దేవేంద్రప్ప హడలిపోయాడు. "ఏమప్పా, ఎవురు దూకుతాండారు? యాడ?"

మరుసటి ఆదివారం "దూకేసినా!" అని కబురొచ్చింది. ఆ సంతోషంలో దేవేంద్రప్పకు మిరపకాయలు ఉచితం. మా ఆయనకు నేవీ మీద కోపం రెట్టింపు.

ఇప్పుడు చివరి పరేడ్. అయిపోగానే కొత్త ఆఫీసరు భుజాల మీది బంగారు గీతలకు కప్పిన గుడ్డను ఇంటివాళ్ళే తీయాలి, ఒక్కో భుజానికి ఒకరు. నాగశ్రీకి తండ్రి లేడు. ఒక భుజానికి వాళ్ళమ్మ కన్యకమ్మ, రెండోదానికి అజయ్ అనుకున్నారు. ఇంతలో రోట్లో పసుపు పడింది.

"శాస్త్రం తప్పకూడదు," అన్నాను నేను. మా ఆయన అనుమానంగా చూశారు. పెళ్ళైన నాటి నుంచి ఆయన మాటకు నేనింత త్వరగా ఒప్పుకున్నది లేదు.

"పెండ్లికొడుకు పొలిమేర దాటకూడదు, సరే. పెండ్లికొడుకు నాయన దాటొచ్చు గదా? మీకూ నాకూ టికెట్లు తీసినా."

"నేనా? అంగడి ఎవురు చూస్తారే?"

"అజయ్ యాడికీ పోలేడు గదా, చూసుకుంటాడు."

అలా ఆయన పట్టుపంచె, కండువాతో సముద్రం ముందు నిలబడ్డారు. బ్యాండు మోగింది. తెల్లబట్టల పిల్లలు ఒక్క మనిషిలా నడిచొస్తుంటే మా ఆయన నోరు తెరిచి చూశారు. "అదిగో, మన పిల్ల!" అని అందరికంటే ముందు గుర్తుపట్టింది ఆయనే. 'మన' అన్న సంగతి ఆయన గమనించలేదు. నేను గమనించాను.

పరేడ్ అయ్యాక నాగశ్రీ మా ముందుకొచ్చి నిటారుగా నిలబడింది. కన్యకమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఎడమ భుజం గుడ్డ తీసింది. కుడి భుజం మా ఆయనది. గుడ్డ వచ్చింది, గీతలు తళుక్కుమన్నాయి. వాటి పక్కనే తెల్లటి చొక్కా మీద ఆయన బొటనవేలి పసుపు మరక! అంగట్లో ఇన్నేళ్ళు కూర్చున్న చేతులు ఎంత కడిగినా అంతే.

"అయ్యో, పాడు చేస్తినే!" కండువాతో తుడవబోయారు.

"ఉండనీ మామా," అంది నాగశ్రీ, మెడ తిప్పకుండా. "నాకూ పసుపు పడింది గదా. ఇంక నేను కూడా పొలిమేర దాటకూడదేమో?"

ఆయన ఆ మరకను చూశారు, గీతలను చూశారు, ఆ పిల్ల వెనకున్న సముద్రాన్ని చూశారు. చూపు తిప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"నువ్వు యాడికైనా పోమ్మా," అన్నారు. "తప్పు నాదే."

నా చేతిలోని ఫోన్‌లో అజయ్ అంగట్లోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. "బ్యాండు మోతలో వినపడలేదు నాయనా! గట్టిగా చెప్పు, దేవేంద్రప్ప కూడా ఈడనే ఉండాడు!"

మా ఆయన ఫోన్ లాక్కున్నారు.

"తప్పు నాదేరా! శానా పెద్ద తప్పు! నా కోడలు ఉద్యోగం మానదు, పో!"