మనాయన రాసిన పెద్ద పుస్తకం

మెట్‌పల్లిలో కమలవ్వ అరుగు మీద బీడీలు చేసే ఆడవాళ్లలో చేతులు ఊరికే ఉంచుకునే హక్కు వినోద ఒక్కదానికే ఉంది. ఆమె వాళ్లకు కథలు చదివి వినిపిస్తుంది. అందుకు బదులుగా మిగతావాళ్లు తలా కొన్ని బీడీలు ఆమె చాటలో వేస్తారు. పదో తరగతిలో బడి మానిపించినప్పుడు పోయిందనుకున్న చదువు, ఆ తునికాకు చెత్త మధ్య ఆమెకు మళ్లీ దక్కింది. గొప్పగా చెప్పుకోవడానికి ఆమెకు అది తప్ప ఇంకేమీ లేదు.

ఎవరి కథలు చదివినా చివరికి అందరూ ఒక్క రచయితనే అడిగేవారు. ఆయన పోయి ఏళ్లయింది. పేరు నోరు తిరగక కమలవ్వ ‘మనాయన’ అంది, అదే ఖాయమైంది. ఆయన కథలో ముసలి కూలామె చనిపోయిన రోజు అరుగంతా ముక్కులు చీదింది.

ఆయన గొప్పతనమంతా పెద్ద నవలలోనే ఉందని ప్రతి అట్ట మీదా రాసి ఉండేది. వినోద అందరినీ ఊరించి ఊరించి, కరీంనగర్ నుంచి తమ్ముడితో తెప్పించింది. ఇటుకంత పుస్తకం.

వానాకాలమంతా చదివింది. దొర గడీ, దొర కొడుకు, ఆ కొడుకుగారి దిగులు. తిన్నదరగని దిగులు! వినోదకే ఆవులింత వస్తే దగ్గినట్టు నటించింది.

"మనసొంటోళ్లు ఎప్పుడొస్తరే?" అంది కమలవ్వ.

"వస్తరవ్వా, జర ఆగు."

చివరికి ఒకామె వచ్చింది. గడీలో నీళ్లు మోసే మనిషి. పేరు కూడా పెట్టలేదు. వచ్చిన పేజీలోనే పాము కరిచి చనిపోయింది. ఆ శవాన్ని చూసి దొర కొడుక్కి జీవితం అర్థమైంది.

ఎవరూ ఏడవలేదు.

"గంతేనా? ఆమె పిల్లలేమైండ్రు?" అంది రోజారాణి.

"రాయలే," అంది వినోద, తనే తప్పు చేసినట్టు.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ. దాన్ని పక్కకు పెట్టు బిడ్డా," అంది కమలవ్వ. "మన ముసలామె కథ చదువు. గది మంచిగుంటది."

వినోదకు ప్రాణం లేచివచ్చింది. నవల మూసి, పాత పుస్తకం తెరిచింది. ముసలామె బావి దగ్గర కూలిపోయింది. ఊరి పంతులు వచ్చి నిలబడ్డాడు. ఆ శవాన్ని చూసి పంతులికి జీవితం అర్థమైంది.

వినోద చదవడం ఆపేసింది. ఎన్నిసార్లు చదివింది ఈ మాట! చదివిన ప్రతిసారీ ఏడ్చింది. ఇక్కడా అంతే. ముసలామె చచ్చింది పంతులి కోసమే. మనాయన మీద కోపం వచ్చింది, అంతకంటే తన కన్నీళ్ల మీద రోత పుట్టింది.

"ఏమైందే, ఆగినవ్?" అంది కమలవ్వ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

చెబుదామని నోరు తెరిచింది. ఆ తడి కళ్లు చూసి ఊరుకుంది. వాళ్లకైనా ముసలామె మిగలనీ అనుకుంది.

"గొంతు పట్టిందవ్వా," అని పుస్తకం మూసింది.

మరునాడూ గొంతు పట్టిందనే చెప్పింది. ఆ మరునాడు ఎవరూ అడగలేదు. రోజారాణి ఫోన్‌లో సీరియల్ పెట్టింది, అందరూ అటు తిరిగారు. వినోద కత్తెర తీసుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. పొద్దుగూకినా ఆమె చాటలో ఎవరూ ఒక్క బీడీ వేయలేదు.