ఫెయిర్ చేసిన బొమ్మలు

"అయితే ఇవాళ కూడా కంచాలు ఒళ్ళో పెట్టుకునే తినాలన్నమాట," అంది కోడలు, అన్నం గిన్నె ఎక్కడ దించాలో తెలియక చేతిలోనే పట్టుకుని.

"మూడు రోజులేగా," అంది స్కేలమ్మ తల ఎత్తకుండా.

"ఆ మూడూ నిన్నటితో అయిపోయాయి అత్తయ్యా. ఇవాళ నాలుగు."

భోజనాల బల్ల నిండా ఇరవై ఎనిమిది డ్రాయింగు కాగితాలు పరిచి ఉన్నాయి. స్కేలమ్మ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఊపిరి బిగబట్టి, ఇంకు పెన్నుతో ఒక కుక్క వీపు మీదుగా గీత లాగుతోంది.

"తా దూర కంత లేదు, మెడకో డోలట," అన్నాడు పక్కనే స్టూలు మీద కూర్చున్న భర్త. "మనకే చోటు లేదంటే బడి మొత్తాన్ని మోసుకొచ్చింది."

"మీరా కాలు ఊపడం ఆపండి. బల్ల అదురుతోంది."

"నా ఇంట్లో నా కాలు ఊపుకోవడానికి కూడా పర్మిషన్ కావాలా?"

"నడుం నొప్పి కదా అమ్మా, వంగి కూర్చోవద్దని డాక్టరు చెప్పాడా లేదా?" అన్నాడు కొడుకు. "రిటైరయ్యి హాయిగా ఉండక, కోరి కొరివితో తల గోక్కోవడం ఎందుకు?"

రెండో తరగతి చదివే మనవరాలు మాత్రం బల్ల చుట్టూ తిరిగి తన కాగితం ఎక్కడుందో వెతుక్కుంది. "నాది కూడా చేసేశావా నానమ్మా?"

"నీది పొద్దున్నే అయిపోయింది."

ఆ పిల్ల తన కాగితం మీది ఇంకు గీతను వేలితో తడిమి చూసి, వెళ్ళి కంచం ఒళ్ళో పెట్టుకుంది.

స్కేలమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు ఒక ఇంజనీర్ల ఆఫీసులో ట్రేసరుగా పని చేసింది. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన వంతెనలనీ కాలువలనీ పల్చటి కాగితం మీదకి ఇంకుతో శుభ్రంగా దించడం ఆమె పని. దాన్ని అక్కడ 'ఫెయిర్ చేయడం' అనేవారు. స్కేలు లేకుండా గీసినా స్కేలు పెట్టి గీసినట్టే వస్తుందని తోటివాళ్ళు పెట్టిన పేరు ఇంటిదాకా వచ్చి స్థిరపడిపోయింది. మనవరాలి పుస్తకాల అట్టల మీద ఆమె రాసిన పేర్లు చూసి బడి పెద్ద మేడం కబురు పెట్టింది. డ్రాయింగు చెప్పే మనిషి లేరు, ఎవరైనా దొరికేదాకా గురువారం మధ్యాహ్నం ఒక గంట వచ్చి పోతారా అని. రిటైరయ్యాక ఆమెను ఒక పని కోసం ఎవరైనా పిలవడం అదే మొదలు. గురువారం చీర బుధవారమే ఇస్త్రీ చేసి పెట్టుకునేది.

మొదటి వారం పిల్లల చేత సున్నాలు చుట్టించి, ఆ సున్నాను ఎవరికి నచ్చినట్టు వాళ్ళని మార్చుకోమంది. కొన్ని సూర్యుళ్ళయ్యాయి, కొన్ని గుడ్లగూబలయ్యాయి, ఒకడిది పైనుంచి చూసిన బకెట్ అయింది. రెండో వారం ఆకుల మీద కాగితం వేసి రంగు క్రేయానుతో రుద్దించింది. మూడో వారం, "మీ ఇంట్లో కదిలేది ఏదైనా వెయ్యండి," అంది. వచ్చే వారం శుక్రవారం తల్లిదండ్రులు వస్తారు, ఆ బొమ్మలు గోడకు పెడదాం అని పెద్ద మేడం చెప్పింది.

కాగితాలు ఇంటికి తెచ్చి చూసుకున్నాక స్కేలమ్మ ప్రాణం ఉసూరుమంది. ఒక్క గీత తిన్నగా లేదు. నలుగురూ చూసే చోట ఇలా పెడితే పసివాళ్ళు చిన్నబోరూ అనిపించింది. ఆఫీసులో అయితే పైన ట్రేసింగు కాగితం పరిచి గీసేది. అది లేదు కనుక పిల్లల గీతల మీదే ఇంకు పెట్టి, కింద మిగిలిన పెన్సిలు మరకలన్నీ రబ్బరుతో తుడిచేసింది.

"శుక్రవారం దాకా ఓర్చుకోండి. ఆ తర్వాత మానేస్తాను, సరేనా?" అంది విసుగ్గా.

"సరే," అన్నారు ముగ్గురూ. అంత గబుక్కున అంటారని ఆమె అనుకోలేదు. లోపల్లోపల నాలిక కరుచుకుంది. గోడ మీద బొమ్మలు చూశాక వాళ్ళే మానొద్దంటారేమోనని ఒక మూల ఆశ. అనకపోతే మాట ప్రకారం ఆ గురువారాలు పోయినట్టే.

మర్నాడు, గురువారం, పిల్లలు క్లాసులోకి రాకముందే బొమ్మలన్నీ గోడకు అంటించింది, వెంట్రుకవాసి ఎగుడుదిగుడు లేకుండా. పిల్లలు వచ్చి గోల చేస్తారనుకుంది. చెయ్యలేదు. పెళ్ళింట్లో చెప్పులు వెతుక్కునేవాళ్ళలా వంగి చూసుకుంటూ గోడ పొడుగునా నడిచారు.

"నాదేదిరా?"

"ఏమో. నీదీ నాదీ ఒకేలా ఉన్నాయి."

"టీచర్, నా కుక్కకి అయిదు కాళ్ళుండాలి," అన్నాడు ఒక గుండు పిల్లాడు.

"కుక్కకి నాలుగే కదా నాన్నా."

"పరిగెత్తేటప్పుడు అయిదు. దీని తోక కూడా ఊగట్లేదు." వాడు ఏడుపు లంకించుకున్నాడు.

ముందు పళ్ళు రెండూ ఊడిన పిల్ల ఒకత్తి చివరి బొమ్మ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. గ్లాసు పట్టుకున్న చెయ్యి బొమ్మ అది. స్కేలమ్మకు తన పనిలో బాగా నచ్చింది కూడా అదే.

"ఇది మా తాత చెయ్యి కాదు," అంది ఆ పిల్ల.

"ఎందుకు కాదమ్మా? గ్లాసుంది, వేళ్ళున్నాయి."

"మా తాత చెయ్యి వణుకుతుంది టీచర్. నేను వణుకు వేశాను. మీరు తీసేశారు."

నేరం మోపుతున్నట్టు లేదు ఆ గొంతు. పోయిన వస్తువు గుర్తులు చెబుతున్నట్టుంది. స్కేలమ్మకు ఆ కాగితం గుర్తొచ్చింది. ఒక్కో వేలికీ అయిదారు గీతలు పక్కపక్కనే ఉంటే, పిల్లకు చేతకాక మళ్ళీమళ్ళీ గీసిందనుకుని, మధ్య గీత ఒకటి ఉంచి మిగతావన్నీ తుడిచేసింది. ఇంకు తప్పు పడితే బ్లేడుతో గోకి సరిచెయ్యడం ఆమెకు వచ్చు. తుడిచేసిన పెన్సిలు గీతను తిరిగి తెప్పించే విద్య ఏ ఆఫీసులోనూ నేర్పరు.

"తప్పు నాదే," అంది పిల్లలందరితో. "మీ బొమ్మల్ని మిమ్మల్ని అడక్కుండా ముట్టుకున్నాను."

టీచరు తప్పు ఒప్పుకుంటే ఏం చెయ్యాలో పిల్లలకు తెలియలేదు.

"మళ్ళీ వేస్తే పోలా," అంది పళ్ళు లేని పిల్ల. "మీకు వణుకు వెయ్యడం రాదా?"

"రాదమ్మా."

"నేర్పిస్తా, కూర్చోండి."

స్కేలమ్మ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా చిన్న బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంది. గుండు పిల్లాడు ఏడుపు మానేసి దగ్గరకొచ్చాడు. ఇంట్లో ముందే చూసి కూడా ఎవరికీ చెప్పని మనవరాలు కాస్త దూరంగానే, తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"మీ ఇంట్లో ఏది కదులుతుంది?"

"మా ఆయన మోకాలు. పొద్దస్తమానం ఊపుతూనే ఉంటాడు."

క్లాసంతా నవ్వింది. స్కేలమ్మ పెన్సిలు పెట్టి లాగింది. గీత నిటారుగా వచ్చింది.

"అంత గట్టిగా కాదు టీచర్. పెన్సిలేం పారిపోదు," అని ఆ పిల్ల ఆమె వేళ్ళు ఒక్కొక్కటే వదులు చేసింది. "ముందు ఒకటి వెయ్యాలి. అది నచ్చకపోయినా ఉంచాలి. దాని పక్కనే ఇంకోటి."

రెండోసారీ గీత తిన్నగానే వచ్చింది. అయిదోసారికి కాస్త వణికింది. ఆ పక్కన మరొకటి, దాని పక్కన మరొకటి పడేసరికి కాగితం మీద మోకాలు ఊగడం మొదలుపెట్టింది. స్కేలమ్మ దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఆమె చేతి మీదుగా ఎన్ని వంతెనలు పోయాయో లెక్కలేదు. వాటిలో ఒక్కటీ ఆమెది కాదు. కింద ఇంకొకరి గీత లేకుండా, తన కంటికి కనిపించింది తానే గీయడం ఈ వయసులో, ఈ ఇరుకు బెంచీ మీద జరిగింది. అది చేయించిన గురువుకి ఏడేళ్ళు.

"నీ మేలు మర్చిపోనమ్మా," అంది.

"మర్చిపోతే మళ్ళీ అడగండి, చెప్తా," అంది ఆ పిల్ల, తన కాగితం ముందుకు లాక్కుంటూ. ఈసారి తాత గ్లాసులోంచి నీళ్ళు కూడా ఒలికాయి.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెడుతూనే మనవరాలు మొత్తం పూస గుచ్చినట్టు చెప్పేసింది. "నానమ్మ కుక్క తోక తిన్నగా చేసేసిందని వాడు ఒకటే ఏడుపు తాతయ్యా."

"కుక్క తోక తిన్నగా చేసిందా?" అన్నాడు భర్త. "లోకంలో ఎవరివల్లా కాలేదే ఆ పని."

అందరితోపాటు స్కేలమ్మ కూడా నవ్వింది.

శుక్రవారం ఇంటిల్లిపాదీ బడికి వెళ్ళారు. గోడ మీద బొమ్మలు హెచ్చుతగ్గులుగా ఉన్నాయి, పిల్లలే అంటించుకున్నారు మరి. అయిదు కాళ్ళ కుక్క పక్కన ఊగుతున్న మోకాలు ఒకటి ఉంది. కోడలు దాన్నీ మావగారినీ మార్చి మార్చి చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అంతసేపూ కాలు ఊపలేదు.

ఇంటికొచ్చాక స్కేలమ్మ ఉతికిన బట్టలు మడత పెడుతూ కూర్చుంది.

"మొత్తానికి అయిందనిపించావమ్మా," అన్నాడు కొడుకు. "ఇక నడుముకి విశ్రాంతి."

"మరి నిజంగానే మానేస్తారా అత్తయ్యా?" అంది కోడలు. బుధవారం నాటి విసురు ఆ గొంతులో లేదు.

భర్త పేపరు దించాడు. మనవరాలు నానమ్మ మొహంలోకే చూస్తోంది.

స్కేలమ్మ చేతిలోని తువ్వాలు మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

"అన్న మాట తప్పుతున్నాను, ఏమీ అనుకోకండి," అంది, రేపటికి కూర ఏమిటో చెబుతున్నంత నెమ్మదిగా. "గురువారంతో పాటు మంగళవారం కూడా వస్తానని పెద్ద మేడంతో చెప్పేసి వచ్చాను."