కింది నాలుగు వాక్యాలు

ఆ యేడు ఎన్నికల్లో నేను రాసిందంతా పొత్తుల గురించే. చిత్తూరు విలేకరిగా పదిహేనేళ్లు తిరిగి తిరిగి ఒంట్లో ఓపిక అయిపోయింది. సాయంత్రం వార్తల కవరు తిరుపతి బస్సు కండక్టరు చేతికివ్వడం, పొద్దున పేపర్లో సగమే పడితే సరిపెట్టుకోవడం. చోటు చాలకపోతే తిరుపతి ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కువాళ్లు వార్తను కింది నుంచి కోసేస్తారు. నిలవాల్సింది పైన పెట్టాలి. ఈ పనిలో మొదట నేర్చుకునేది అదే.

ప్రచారానికి బాలసుబ్రమణ్యం అనే అభ్యర్థి ఒక పల్లెకు వస్తే, నాగులమ్మ అనే కూలిమనిషి జీపుకు అడ్డం నిలబడింది. వాళ్ల కాలనీ ఆడవాళ్లు మంచినీళ్లకు రెండు మైళ్లు నడుస్తున్నారు. గెలిచిన ఏడాదిలోపు బోరు వేయిస్తానని ఆయనతో అందరి ముందూ చెప్పించింది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"రాసుకో అప్పా. పేపర్లో పడితే మాట తప్పలేడు."

రాసుకున్నాను. మధ్యాహ్నం తిరుపతి డెస్కు నుంచి ఫోను. ఆయన పార్టీ పక్క పార్టీతో కలుస్తుందా, ఎవరికెన్ని సీట్లు, అదే కావాలట. ఎవరేం చేస్తామన్నారో ఎవడు చదువుతాడని కసిరారు. వాదించే ఓపిక లేక పొత్తు కబుర్లు పైన పేర్చి, బోరు సంగతి కింద నాలుగు వాక్యాల్లో పెట్టాను. కోసేస్తారని తెలిసే పెట్టాను.

కోసేశారు. మర్నాడు నాగులమ్మ బస్టాండులో ఎదురై, బోరు మాట పేపర్లో వేశారా అని అడిగింది. అదంతా విడమరిచి చెప్పడానికి విసుగేసి, వేశారన్నాను. అక్షరం ముక్క రాని మనిషి, పేపరు కొని కొంగులో చుట్టుకుని పోయింది.

మూడో నాటికి పొత్తు చెడింది. అదీ రాశాను. బాలసుబ్రమణ్యం గెలిచాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఏడాది దాటినా బోరు రాలేదు.

ఒక పొద్దున ఆయన ఇంట్లో మేం నలుగురైదుగురు విలేకరులం కూర్చునుండగా నాగులమ్మ వచ్చి బోరు సంగతి అడిగింది. తానెప్పుడూ అలా చెప్పలేదని ఆయన మెత్తగా అన్నాడు. ఆమె కొంగు విప్పి, మడతల దగ్గర చిరిగిన పేపరు తీసి నా చేతికిచ్చింది.

"నువ్వే సదువప్పా. రాసింది నువ్వే గదా."

పొత్తు ఖాయమన్న వార్త, పైన నా పేరు. పేపరు పక్కన పెట్టి, ఆయన ఆ మాట అన్నాడు, నేను విన్నాను అని చెప్పాను.

"విన్నోడివి రాయలేదేమప్పా?" అన్నాడు బాలసుబ్రమణ్యం. పక్కనెవరో నవ్వారు.

నాగులమ్మ నా వైపే చూస్తోంది. తప్పు డెస్కు మీదికి తోసేయవచ్చు. సిగ్గుతో చచ్చిపోతూ, ఆ ఒక్కసారి నిజం చెప్పాను.

"దీంట్లో నీళ్ల మాట లేదమ్మా. పోతుందని తెలిసి కింద పెట్టింది నేనే. పడిందని అబద్ధం చెప్పిందీ నేనే."

ఆమె తిట్టలేదు. పేపరు తిరిగి ఇవ్వబోతే చెయ్యి చాపలేదు.

"నాకెందుకప్పా, నువ్వే పెట్టుకో," అని గడప దిగి పోయింది.