ఇల్లుబండీ, అరుణకుమారి కడుపుమంటా

ముసురు పట్టిందంటే చాలు, భిలాయి సెక్టర్ 7లో ఆ వీధి ఆడవాళ్ళంతా తడిబట్టల బకెట్లు పట్టుకుని అరుణకుమారి వసారాకి వచ్చేవారు. స్టీలు ప్లాంటు యూనిఫారాలు, స్కూలు నిక్కర్లు, పక్కదుప్పట్లు ఇళ్ళలో ఫ్యాన్ల కింద రోజుల తరబడి వేలాడి ముక్కవాసన కొడుతుంటే మరి వేరే దారేముంటుంది? అరుణకుమారి మొగుడు నూకరాజు ఈ గోడకీ ఆ గోడకీ నైలాన్ తాళ్ళు కట్టి ఉంచాడు. ఆడవాళ్ళు బట్టలు ఆరేసి, ఆమె పక్కన చాపమీద కూర్చుని, ఏదో ఒక శుభవార్త చెప్పేవారు.

"మా వోడికి ప్రమోషనొచ్చింది వొదినా."

"మా ఆయన డబల్ డోర్ ఫ్రిజ్ తెచ్చీసేరు."

అంతే. అరుణకుమారికి కడుపులో మంట రాజుకునేది. ఆ సెగకి తాళ్ళమీది బట్టలు ఆవిరి కక్కి, టీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా పెళపెళలాడుతూ ఆరిపోయేవి. ఒక్కోసారి ఆ శుభవార్త అబద్ధమని ఆమెకి తెలిసేది. తెలిసినా మండేది. దాన్ని ఎవరూ వింతగా చూసేవారు కాదు. కొందరిది హస్తవాసి, కొందరిది కంఠం, ఈమెది కడుపుమంట. కొలిమిని భట్టీ అనే ఊరు గనక వీధి పిల్లలు ఆమెని భట్టీ పెద్దమ్మ అనేవారు.

బట్టలైతే తెచ్చేవారు గాని, పసిపిల్లల్ని మాత్రం ఆ గుమ్మం ఎక్కించేవారు కాదు. పచ్చి ఒంటికి ఆ సెగ తగలకూడదంటారు. అరుణకుమారికి పిల్లల్లేరు. ఆ ఊసు వీధిలో ఎవరూ ఎత్తేవారు కాదు. ఆమె అసలే ఎత్తేది కాదు.

ఎదురు క్వార్టరు ఆమె సొంత చెల్లెలు సత్యవాణిది. ఇద్దరూ విజయనగరం దగ్గర ఒకే ఇంట్లో పుట్టి, ప్లాంటు ఉద్యోగస్తుల్ని కట్టుకుని భిలాయి వచ్చిపడ్డవాళ్ళే. గ్యాస్ పొయ్యి ముందు సత్యవాణికొచ్చింది. కలర్ టీవీ ముందు ఆమెకే వచ్చింది. ఆఖరికి మోకాలి ఆపరేషను కూడా ముందు ఆమెకే అయింది, దానికీ అరుణకుమారి కుళ్ళుకుంది. సత్యవాణి మొగుడు పోయాక ఆ కుళ్ళు కొన్నాళ్ళు సద్దుమణిగింది. కొడుకు సురేశ్‌కి ప్లాంటులో ఉద్యోగం రాగానే మళ్ళీ రాజుకుంది.

ఆ సంవత్సరం వానల మొదట్లో సురేశ్ ఒక పాత మినీబస్సుని జాముల్ రోడ్డులోని బాడీ షెడ్డులో ఇల్లులా మార్పించి తెచ్చాడు. తాను మోటార్ హోమ్ అన్నాడు గాని వీధంతా ఇల్లుబండి అంది. షికార్లకి వెళ్ళే కుటుంబాలకి అద్దెకిస్తాడట.

"రా అప్పా, లోపల సూద్దువు గాని," అని సత్యవాణి అక్క చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

మడత మంచాలు, పొయ్యిగట్టు, చిన్న సింకు. వెనకాల బాత్రూము పక్కన ఒకదానిమీద ఒకటి రెండు తెల్లటి మిషన్లు.

"కిందది ఉతుకుతాది. పైది ఆరబెట్టీస్తాది. వానలో ఊరు తిరిగినా తడిగుడ్డ కట్టక్కర్లేదు," అంది సత్యవాణి.

"ఊరికే కాదు పెద్దమ్మా, దీనికి చాలా నఖరాలున్నాయి," అన్నాడు సురేశ్. "బండి సమానంగా నిలబడాలి, లేపోతే డ్రమ్ము దడదడ కొట్టుకుంటాది. ఒకేసారి ఎక్కువ బట్టలు కుక్కకూడదు. డ్రయ్యర్ వేస్తే ఏసీ బంద్. నహీ తో జనరేటర్ బైఠ్ జాయేగా, ఆగిపోతాది."

సత్యవాణి పై మిషను తలుపు తీసి, అప్పుడే ఆరిన తువ్వాలు తీసి అక్క బుగ్గకి ఆనించింది. వెచ్చగా, మెత్తగా, కుందేలు పిల్లలా ఉంది. అరుణకుమారి వసారాలో ఏ గుడ్డా అంత మెత్తగా ఆరలేదు. అప్పడంలా బిరుసెక్కేది.

"బాగుంది," అంది అరుణకుమారి. ఆమె చేతిలోనే తువ్వాలు అంచు కమిలి గోధుమరంగుకి తిరిగింది. సురేశ్ దాన్ని అందుకుని, మడత పెట్టి పక్కన పెట్టాడు.

ఆ మర్నాటి నుంచి బకెట్లు దారి మళ్ళాయి. సత్యవాణి చెయ్యి పెద్దది, కాదనడం తెలీదు. తన ఇంటి ప్లగ్గు నుంచి బండికి వైరు లాగించి, ఎవరి బట్టలొస్తే వాళ్ళవి వేసుకోమంది. "ఏటీ అనుకోకు వొదినా, అందులో సెంటు బిళ్ళ కూడా వేస్తారు," అని పక్కింటావిడ సంజాయిషీ చెప్పి మరీ వెళ్ళింది. అరుణకుమారి ఖాళీ తాళ్ళ కింద కూర్చుని, వానలో బండి మెట్ల దగ్గర గొడుగుల వరసని చూసేది. బండిలోంచి నవ్వులు వినబడేవి. ఒకప్పుడు ఆ నవ్వులు తన చాపమీద ఉండేవి.

ఆరబెట్టడానికి ఏమీ లేక ఆ వేడంతా ఇంట్లోనే తిరిగింది. గుమ్మంలో కరివేపాకు మొక్క మాడిపోయింది. బిందెలో నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. నూకరాజు మంచం పక్క గదిలోకి మార్చుకున్నాడు.

"ఒసే, సల్లారే. గోడ ముట్టుకుంటే సురుక్కుమంతంది," అన్నాడు. "మిషన్ మీద ఏడుస్తారేటే ఎవరైనా?"

"మిషన్ మీద కాదు."

"మరెవరి మీద?"

ఆమె వసారాలోకి పోయి ఖాళీ తాళ్ళకేసి చూసింది. చెల్లెలికి అన్నీ ఉన్నా, వీధి బట్టలు మాత్రం తనకే వస్తాయన్న ధీమా ఒకటి ఇన్నాళ్ళూ ఉండేది. ఆ ఒక్కటీ పోయింది. అది మొగుడితో ఎలా చెప్పుకుంటుంది?

బండి అద్దెకిచ్చే ముందు ఇంటివాళ్ళతో ఒకసారి తిప్పి చూడాలనుకున్నాడు సురేశ్. ధంతరీ అవతల గంగ్రేల్ డ్యాముకి, పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేలా. అతని పెళ్ళాం శ్రుతికి ఎనిమిదో నెల పడింది. వద్దంటే వినలేదు. "తర్వాత ఇంట్లోనే బంద్ అయిపోతా కదా అత్తయ్యా, ఏక్ బార్ వెళ్దాం," అని పట్టుబట్టింది. అరుణకుమారి రానంది. సత్యవాణి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వు రాకపోతే ఆ బండి నాకెందుకప్పా? ఎవరు సూసి ఏడవాలని కొన్నామనుకున్నావ్?"

అరుణకుమారికి నవ్వాగలేదు. వెళ్ళింది.

డ్యాము దగ్గర నూకరాజు బురదలో జారి పంచె పాడుచేసుకున్నాడు. సత్యవాణి సబ్బుపొడి డబ్బా అక్క చేతికిచ్చి, "నువ్వే వెయ్యి అప్పా," అంది. అరుణకుమారి పంచె, తన చీర కిందమిషన్లో వేసి, చెల్లెలు చూపించిన మీట నొక్కి, గాజు తలుపు ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. పంచె, చీర ఒకదాన్నొకటి తరుముకుంటూ, నురగలో మునుగుతూ తేలుతూ తిరిగాయి. తర్వాత వాటిని పైమిషన్లో వేసి, ఆరాక తీసి, ఆ మెత్తదనాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. అక్కాచెల్లెళ్ళు ఒకే కంచంలో పులిహోర తిన్నారు. చాన్నాళ్ళ తర్వాత ఆ మధ్యాహ్నం అరుణకుమారి కడుపు చల్లగా ఉంది.

తిరుగుదారిలో వాన విరుచుకుపడింది. పెద్దరోడ్డు మీద లారీలు ఆగిపోయాయని సురేశ్ బండిని పల్లెదారి పట్టించాడు. కొంతదూరం పోయేసరికి కల్వర్టు మీదుగా వాగు పొంగి పారుతోంది. వెనక్కి తిప్పితే, ఇందాక దాటొచ్చిన కల్వర్టు కూడా మునిగిపోయింది. దాటి చూద్దామని సురేశ్ కాస్త ముందుకు పోనిచ్చాడు. నీళ్ళు బండి అడుగున ఉన్న జనరేటర్లోకి ఎక్కాయి. అది దగ్గి ఆగిపోయింది. మిషన్ల మీది ఎర్రదీపాలు ఆరిపోయాయి. బండిని ఎలాగో మెరకమీదికి వెనక్కి లాగారు.

అప్పుడే శ్రుతి సీటు చెక్క గట్టిగా పట్టుకుని, "అత్తయ్యా," అంది.

అంబులెన్సుకి ఫోన్ చేస్తే, వాగు తగ్గేదాకా అవతలి గట్టునే ఆగుతామన్నారు. నూకరాజు, సురేశ్ వానలో పరుగెత్తి, దగ్గర్లోని పాలెం నుంచి మితానిన్‌ని తీసుకొచ్చారు. ఊళ్ళో పురుళ్ళూ టీకాలూ చూసుకునే మనిషి, నడివయసుది, చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టుకుని వచ్చింది. ఆమె వచ్చిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది.

అరచేతుల్లో ఇమిడిపోయేంత పిల్ల. ఉల్లిపొరలాంటి చర్మం కింద నీలంగా నరాలు. ఏడ్చీ ఏడవనట్టు ఒక చిన్న కూత పెట్టింది. బండిలో ఉన్న తువ్వాళ్ళు, దుప్పట్లు, చీరలు అన్నీ నెత్తురూ వాననీళ్ళూ పట్టి తడిసి ఉన్నాయి. సురేశ్ పిచ్చివాడిలా డ్రయ్యర్ మీట మళ్ళీ మళ్ళీ నొక్కాడు. శ్రుతికి నెత్తురు చాలా పోయి పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆమె ఒళ్ళే మంచులా ఉంది.

"నోనీ ఠండా హోవత్ హే," అంది మితానిన్, పిల్ల పాదాలు తడిమి. "గరమ్ రాఖవ్."

పిల్ల చల్లబడిపోతోంది, వెచ్చగా ఉంచాలి. అందరూ అరుణకుమారి వైపు చూశారు.

సత్యవాణి పిల్లని తెచ్చి అక్క చేతుల్లో పెట్టింది. అరుణకుమారి చేతుల్లో పసిగుడ్డుని పెట్టడం అదే మొదటిసారి. ఎలా పట్టుకోవాలో తెలియక ఆమె పిల్లని పళ్ళెంలా ముందుకు చాపి పట్టుకుంది. మితానిన్ ఆమె చీర తప్పించి, పిల్లని బోర్లా కడుపు మీదికి ఆనించింది.

కడుపు చల్లగానే ఉంది.

భయముంది, జాలి ఉంది. కుళ్ళు మాత్రం లేదు. పిలిస్తే వచ్చేదా అది?

"అప్పా, సూడు, నా గొలుసు కొత్తది," అంది సత్యవాణి. "సురేశ్ ఇంకో బండి కొంతాడు!"

"రెండు, పెద్దమ్మా! ఇంతకన్నా పెద్దవి!" అని ఏడుస్తూనే అరిచాడు సురేశ్.

"మండట్లేదే," అంది అరుణకుమారి. ఆమె కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "సత్తెవానీ, నానేటి సెయ్యను? మండట్లేదే."

పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి. సత్యవాణి అక్క ముందు మోకాళ్ళమీద కూలబడింది. ఆ ఆపరేషన్ మోకాలు కలుక్కుమన్నా లెక్కచేయలేదు. అక్క కళ్ళలోకి సూటిగా చూసింది.

"దీనికి నాను నాయనమ్మని," అంది. "నువ్వు దీనికేటీ కావు అప్పా. ఎప్పటికీ, ఎవరికీ, ఏటీ కావు."

అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ముందు అరుణకుమారి చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత బొడ్డు కింద, ఇన్నాళ్ళూ ఏ ఫ్రిజ్జూ ఏ ప్రమోషనూ చేరని చోట, మంట లేచింది. గ్యాస్ పొయ్యి మీద ఏడ్చింది, టీవీ మీద ఏడ్చింది, ఏడవాల్సినదాని మీద ఒక్కరోజూ ఏడవలేదు. సురేశ్ పుట్టినప్పుడు ఎదురింటి గుమ్మానికి వేసిన పురిటి పరదా మీద ఏడవలేదు. ఉయ్యాల చప్పుడు మీద ఏడవలేదు. ఇప్పుడు అదంతా కలిసి వచ్చింది. ఈ పిల్ల నాదెందుకు కాదు? చెల్లెలి కడుపున అంతా పండి నా కడుపెందుకు ఎండాలి? అని పళ్ళు బిగించి, పిల్లని పొదువుకుని, కుమిలి కుమిలి కుళ్ళుకుంది.

బండి అద్దాలన్నీ ఆవిరితో తెల్లబడ్డాయి. సీట్లమీద పడేసిన తువ్వాళ్ళు పొగలు కక్కుతూ ఆరాయి. మితానిన్ నుదుటి చెమట తుడుచుకుని, శ్రుతిని మెల్లగా అరుణకుమారి పక్కకి జరిపి, ఆరిన దుప్పటి కప్పింది. నూకరాజు తలుపు దగ్గర వానలోనే నిలబడి, ఇటు చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. కాసేపటికి పిల్ల పాదాలు గులాబిరంగుకి తిరిగాయి. నోరు తెరిచి, ఈసారి గట్టిగా, అందరికీ వినబడేలా ఏడ్చింది.

పొద్దు కుంకకముందే వాగు తగ్గింది. అంబులెన్సు ఇవతలికి వచ్చింది.

ఆసుపత్రిలో శ్రుతికి నెత్తురెక్కించారు. ఆమె లేచి కూర్చోవడానికి చాలా రోజులు పట్టింది. పిల్లని ఎవరో ఒకరు ఒంటికి ఆనించుకుని ఉండాలన్నారు నర్సులు. అరుణకుమారి ఉంది. సత్యవాణి క్యారేజీ తెచ్చి, అక్కకి ముద్దలు కలిపి పెట్టేది.

"ఆ మాట..." అంది సత్యవాణి రెండోరోజు.

"నొప్పెట్టింది."

"తెలుసప్పా."

"బాగా అన్నావు. ఇంకో ముద్ద పెట్టు."

ఒకనాటి పొద్దున శ్రుతి దిండుకి ఆనుకుని కూర్చుంది. మొహంలో కాస్త నెత్తురు కనిపించింది. చాలాసేపు పిల్లవైపే చూసి, మొహమాటంగా చేతులు చాపింది.

"పెద్దత్తయ్యా, అబ్ ముఝే... నాకివ్వండి."

అరుణకుమారి వినబడనట్టు పిల్ల నెత్తిమీది టోపీ సర్దింది. కాళ్ళు సర్దింది. సర్దడానికి ఇంకేమీ మిగల్లేదు. లేచి వెళ్ళి పిల్లని తల్లి గుండెల మీద పెట్టింది. తీసుకెళ్ళిన చేతులు ఖాళీగా వెనక్కి వచ్చాయి. పిల్ల ఒక్కసారి మూలిగి, ముక్కుతో వెతుక్కుని, తల్లి దగ్గర చటుక్కున సర్దుకుపోయింది. ఇన్నాళ్ళ తన కడుపుని ఒక్క క్షణంలో మరిచిపోయినట్టు.

మంట భగ్గుమంది. అరుణకుమారి చెప్పులు వెతుక్కుంది.

"ఎక్కడికి?" అంది శ్రుతి. "మీరెళ్తే గది చల్లబడిపోతుంది. ఇక్కడే కూర్చోండి, ప్లీజ్."

అరుణకుమారి వాళ్ళిద్దరినీ చూసింది. స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుంది. పిల్ల నిద్రలేచేదాకా అక్కడే, కదలకుండా కుళ్ళుకుంటూ కూర్చుంది.